పేషెంటు తాలూకు

తలుపు తొందరగా తెరుచుకోకూడదు. పొద్దుటినుంచీ జీవరాజు మనసులో తిరుగుతున్నది ఆ ఒక్క మాటే. నిన్న సాయంత్రం డాక్టరు ఉమాశ్రీ గారు మంచం పక్కన నిలబడి విడమరిచి చెప్పింది. కడుపులోంచి అన్నం కిందికి దిగే దారి గడ్డతో మూసుకుపోయింది, ఆ గడ్డని తియ్యలేం, అది కాలేయం దాకా పాకేసింది, కానీ పేగుని పక్కనుంచి తెచ్చి కడుపుకి అతికిస్తే అన్నం ఆ దారిన దిగుతుంది. జబ్బు తగ్గడానికి కాదండి ఈ ఆపరేషను, ఉన్నన్నాళ్లూ తినడానికి. లోపల అతికించే చోటు దొరికితే చాలాసేపు పడుతుంది. దొరక్కపోతే ఏమీ చెయ్యకుండా కుట్లేసి తెచ్చేస్తాం. అంచేత మేం తొందరగా బయటికొచ్చామంటే పని కాలేదనుకోండి. ఆవిడ చెబుతున్నంతసేపూ అతని భార్య దేవకుమారి ముక్కులో గొట్టంతో, గోడకి ఆనుకుని, తలూపుతూ విన్నది. జీవరాజు డాక్టరుగారి చెప్పుల వంక చూస్తూ విన్నాడు. ఇప్పుడు ఆ తెల్ల తలుపు ముందు కూర్చుని, అక్కడున్న జనమంతా అది తెరుచుకుంటే బాగుండునని చూస్తూంటే, తను మాత్రం మూసుకునే ఉండాలని చూస్తున్నాడు.

తలుపు వంక చూసి చూసి కళ్లు మండితే కిటికీ వైపు తిరిగాడు. మూడో అంతస్తు. ఎత్తు అతనికి కొత్త కాదు, పెళ్లికి ముందునుంచీ కొబ్బరికాయలు దింపుతూ చెట్ల మీద బతికినవాడు. ఆస్పత్రి ఆవరణలో నాలుగు కొబ్బరిచెట్లు, వాటి మొవ్వులు సరిగ్గా కిటికీ ఎత్తుకి వచ్చి ఉన్నాయి. ఎన్నాళ్లయిందో ఎవరూ దింపు తీయించినట్టు లేదు. ఎండిపోయిన మట్టలు గెలల మీదికి వాలిపోయి ఉన్నాయి, కాయలు ముదిరి గోధుమరంగుకి తిరిగాయి, అందులో ఒక గెల తొడిమ దగ్గర బీటలిచ్చినట్టు ఇంత దూరానికి కూడా తెలుస్తోంది. కింద వాటి నీడలోనే జనం క్యారేజీలు విప్పుకుని పులిహోర తింటున్నారు. ఎవరితోనైనా చెప్పాలి, ఆ చెట్టు కింద కూర్చోవద్దని. చెబితే వినేవాళ్లు ఎవరు, ఎవర్ని పిలవాలి, ఏమని మొదలెట్టాలి, అనుకుంటూ కూర్చున్నచోటే కూర్చున్నాడు. ఎప్పుడూ అంతే. మనసులో ఇంత పొడుగున ఉన్నది నోటి దగ్గరికొచ్చేసరికి ఊ అనో ఆ అనో అయిపోతుంది. మాట్లాడేవాడు పక్కనే ఉన్నాడు.

విజయ్ పాల్ మాస్టారు ఒక కుర్చీ వదిలి కూర్చున్నాడు. మధ్య కుర్చీలో దేవకుమారి చేతిసంచి ఉంది. తెల్లచొక్కా, ఇస్త్రీ నలగలేదు, రాజమండ్రి బస్సులో నిలబడి వచ్చినా నలగలేదు, ఎలా నలగకుండా ఉంటుందో దేవుడికే తెలియాలి. ఎలిమెంటరీ స్కూల్లో పంతులుగా చేసి రిటైరయ్యాడు. పేటలో లూథరన్ చర్చిలో హార్మోనియం ఆయనదే, పాటలు నేర్పించేదీ ఆయనే. భార్య పోయి చాలా ఏళ్లయింది. దేవకుమారి కాపరానికొచ్చిన ఏడాదే పాటలబృందంలో చేరింది, ఆవేళ్టినుంచి ప్రతి శనివారం సాయంత్రం చర్చికి వెళ్లి ఆయన ఎత్తిచ్చిన పాట అందుకునేది. ఆస్పత్రి ఫైలు ఆయన ఒళ్లో ఉంది. మొదటిసారి రక్తపరీక్షకి అమలాపురం వెళ్లినప్పుడు చేతులు ఖాళీగా లేక ఒక్క నిమిషం పట్టుకోండి మాస్టారూ అని జీవరాజే ఇచ్చాడు. అది మళ్లీ తన చేతికి రాలేదు. తనకీ అక్షరమ్ముక్క వచ్చును, అయిదో తరగతి దాకా చదివాడు, పెళ్లాం పేరు చదువుకోలేనివాడేం కాదు. ఫైలు ఇలా ఇవ్వండి అని అడిగితే ఇచ్చేస్తాడు, అయ్యో తీసుకోండి జీవరాజు గారూ అంటాడు. ఆ గారూ వినలేకే అడగలేదు. పేటలో కానీ అగ్రహారంలో కానీ తనని గారు అని పిలిచే మనిషి ఈయనొక్కడే. ఒరే అనేవాళ్ల మీద ఎన్నడూ రాని కోపం ఈ గారు మీద ఎందుకొస్తుందో, ఎవరికైనా చెబితే నవ్విపోతారు.

ఫోన్ మోగింది. మోగింది కూడా ఆయన ఫోనే. "ఇంకా లోపలే ఉన్నారమ్మా. అదే మంచిది. నీకు చెప్పాను కదా, ఆలస్యమైతేనే మంచిదని. నువ్వు అటూ ఇటూ తిరక్కు. నాన్నగారు పక్కనే ఉన్నారు, ఇవ్వనా?" జీవరాజు కూతురు ప్రసన్నకుమారి, పిఠాపురంలో కాపరం, నెలలు నిండి కదల్లేకుండా ఉంది. ఫోన్ చేతికొచ్చింది. "నాన్నా, తిన్నావా?" అంది. "ఊ" అన్నాడు. "ఏం తిన్నావు?" అంది. ఏమీ తినలేదు. "తిన్నాన్లే" అన్నాడు. తర్వాత, "మాస్టారికివ్వు నాన్నా" అంది. కన్నకూతురు. దాన్ని మెడ మీద కూర్చోబెట్టుకుని తీర్థానికి తీసుకెళ్లింది ఈ మెడే. దాని తల్లి కడుపులో ఏమవుతోందో దానికి ఆ హార్మోనియం వేళ్లవాడు చెప్పాలి. ఫోన్ తిరిగిచ్చేసి అరచేతులు చూసుకున్నాడు. కాయలు కాసి, చెట్టుబెరడు పట్టి పట్టి నల్లబడి, ఈ మధ్య పని లేక ఆ కాయలు పొరలుగా ఊడుతున్నాయి.

ఎదుటి వరసలో ధవళేశ్వరం నుంచి వచ్చిన ఒకావిడ కూర్చుంది. కోడలికి పిత్తాశయంలో రాళ్లు, పక్క థియేటర్లో తీస్తున్నారు. తన సంగతంతా అందరికీ చెప్పడం అయిపోయాక ఆవిడ ఇటు తిరిగి విజయ్ పాల్ మాస్టారిని అడిగింది. "లోపలున్నది మీ ఆవిడాండి?"

"కాదండి. వారి మిస్సెస్సు" అని ఆయన జీవరాజు వైపు చెయ్యి చూపించాడు.

"అయ్యో, ఈయనాండి? మీరు కాగితాలు పట్టుకుంటేనూ మీరే అనుకున్నాను. ఈయన మీ వెంట సాయం వచ్చేడేమో అనుకున్నా. ఏమనుకోకండేం బాబూ. మరి మీరేమవుతారండి ఆవిడకి?"

విజయ్ పాల్ కాసేపు ఆగాడు. "మాదీ ఆ ఊరేనండి" అన్నాడు.

సాయం వచ్చినవాడు. జీవరాజు తన పంచె వంక చూసుకున్నాడు. దేవకుమారి ఉతికి మడతపెట్టిందే, ఇంట్లోంచి బయల్దేరేముందు సంచిలో పెట్టిందే. ఆవిడ తప్పేముంది, కళ్లకి ఎలా కనిపిస్తే అలా అంటుంది. కానీ ఆ ఆగడం ఏమిటి? మీరేమవుతారండి అంటే టక్కున జవాబు చెప్పకుండా ఆ కాసేపు ఆగడం. జీవరాజు దృష్టికి అలాంటివి దొరుకుతాయి. నోరు తక్కువ మనిషికి కళ్లెక్కువ. అందులోనూ అతని పని పైనుంచి చూసే పని. చెట్టు మీదినుంచి చూస్తే ఊరు ఇంకోలా ఉంటుంది, దొడ్లలో ఎవరి బట్టలు ఎవరి తాడు మీద ఆరుతున్నాయో, ఏ అన్నదమ్ముల మధ్య కంచె కొత్తగా జరిగిందో, అన్నీ కనిపిస్తాయి. అందుకే దింపువాళ్లకి ఒక కట్టుబాటు ఉంది. చెట్టెక్కేముందు మొదట్లో నిలబడి నాలుగు దిక్కులకీ తిరిగి చెట్టెక్కుతున్నామండోయ్ అని కేకెయ్యాలి. స్నానాలు చేసేవాళ్లు, పసిబిడ్డకి పాలిచ్చే తల్లులు, అందరూ సర్దుకుంటారు. ఆ తర్వాతే కాళ్లకి బందం తాడు వెయ్యాలి. కేకెయ్యకుండా ఎక్కినవాణ్ణి మళ్లీ ఏ దొడ్లోకీ రానివ్వరు, పిల్లనీ ఇవ్వరు. రోజంతట్లో జీవరాజు గొంతు పెద్దగా వినిపించేది ఆ కేకలోనే.

ఒక్కరోజు ఆ కేక రాలేదు. కూతురు మూడో తరగతిలో ఉందప్పుడు. జలుబు చేసి గొంతు పూడిపోయింది, చర్చి పక్క దొడ్లో చెట్టు మొదట్లో నిలబడి కేకేస్తే గాలి తప్ప ఏమీ రాలేదు. ఎవరూ లేరులే అని ఎక్కేశాడు. పైకెళ్లి మట్ట మీద చెయ్యి వేసి ఊపిరి తీసుకుంటూ చూస్తే చర్చి వెనకాల బోరింగు దగ్గర దేవకుమారి. చర్చిలో రొట్టె, ద్రాక్షారసం ఇచ్చే సంస్కారపు గిన్నెలు కడుగుతోంది. మెట్టు మీద విజయ్ పాల్, చేతులు మోకాళ్ల చుట్టూ కట్టుకుని. ఆయన ఏదో అన్నాడు. దేవకుమారి నవ్వింది. తల వెనక్కి వాల్చి, పొట్ట పట్టుకుని, తడిచేత్తో బోరింగు కాడ మీద కొడుతూ నవ్వింది. ఆ ఎత్తుకి శబ్దం అందలేదు, నవ్వు మాత్రం అందింది. అలా నవ్వగలదని అతనికి తెలియదు. పెళ్లయి అన్నేళ్లు, ఒక పిల్ల పుట్టింది, ఒక పిల్ల పోయింది, అమ్మ చచ్చిపోయింది, ఇల్లు వరదలో మునిగి తేలింది, వీటన్నిటి మధ్యా ఆమె చిరునవ్వులు ఎన్నో చూశాడు గానీ పళ్లన్నీ కనిపించే ఆ నవ్వు చూడలేదు. ఆవేళ కత్తి ఎక్కడ పడుతోందో చూసుకోకుండా లేతగెల కూడా నరికేశాడు. కింద చెట్టు ఆసామి, కళ్లు దొబ్బాయేంట్రా నీకు, అని తిట్టాడు. సాయంత్రం ఇంటికెళ్తే ఆమె అన్నం పెట్టింది, మామూలుగా ఉంది. ఎందుకు నవ్వావని అడగాలంటే చూశానని చెప్పాలి, చూశానని చెప్పాలంటే కేకెయ్యకుండా ఎక్కానని చెప్పాలి. దింపువాడు పెళ్లాంతో చెప్పుకోగలిగిన మాటేనా అది? కూతురు పెద్దదయ్యి, పెళ్లయ్యి, ఇప్పుడు తనూ తల్లి కాబోతోంది. ఆ నవ్వు మాత్రం అలాగే బోరింగు దగ్గర ఉంది, ప్రతి శనివారం సాయంత్రం ఆమె తలదువ్వుకుని బయల్దేరినప్పుడల్లా.

తలుపు తెరుచుకుంది.

జీవరాజు లేచాడు. లేచానని తెలియకుండానే లేచాడు. పక్కన విజయ్ పాల్ కూడా లేచాడు, లేస్తూ జీవరాజు మణికట్టు పట్టుకున్నాడు. ఇంత తొందరగానా? అప్పుడేనా? ఆకుపచ్చ గౌనులో ఒక నర్సు బయటికొచ్చి మాస్కు కిందికి లాగి అటూ ఇటూ చూసింది. జీవరాజుకి చెట్టు మీద బందం జారినప్పుడు అరికాళ్లలో పుట్టే చల్లదనం పుట్టింది. నర్సు ధవళేశ్వరం ఆవిడని చూసి, "మీ కోడలు బావుందండి, రాళ్లు చూద్దురుగాని రండి" అంది. ఆవిడ దేవుడికి దణ్ణాలు పెట్టుకుంటూ, చెప్పులు వదిలేసి, అందరికీ వినపడేలా, "మూడు రోజుల్లో ఇంటికెళ్లిపోవచ్చంటండి" అని చెబుతూ వెళ్లింది. రాళ్లు తీసేస్తారు, సీసాలో వేసి చేతికిస్తారు, ఇంటికెళ్లి అలమర్లో పెట్టుకుంటారు. లోపలున్న చెడ్డదాన్ని తీసి చూపించే ఆపరేషను. జీవరాజు ఆవిడ వదిలేసిన చెప్పుల వంక చూశాడు. ఈ లోకంలో ఎవరికి ఏం దొరుకుతుందో పంచేవాడు సరిగ్గా పంచడు. తలుపు మళ్లీ మూసుకుంది. మణికట్టు మీద చెయ్యి ఇంకా ఉంది. మెత్తటి చెయ్యి, సుద్దముక్కా హార్మోనియమూ తప్ప ఏదీ పట్టనిది. జీవరాజు తన చెయ్యి మెల్లిగా లాక్కున్నాడు.

నాలుగు నెలలుగా ఆమెకి అన్నం దిగడం లేదు. మొదట్లో అజీర్తి అనుకున్నారు, వాము నమిలింది, సోడా తాగింది. తర్వాత పొద్దున తిన్నది రాత్రికి వచ్చేసేది. ఆ తర్వాత నిన్న తిన్నది ఇవాళ వచ్చేది, మెతుకులు మెతుకుల్లాగే. ఒళ్లంతా కరిగిపోయి పొట్టపైన మాత్రం ఉబ్బెత్తుగా ఏదో కదిలేది. అయినా వంట మానలేదు. చేపల పులుసు కాస్తూ మొహం పక్కకి తిప్పుకుని, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని కలియబెట్టేది, ఉప్పు చూడ్డానికి మాత్రం నాలిక మీద వేసుకుని ఉమ్మేసేది. అన్నం వడ్డించి ఎదురుగా కూర్చునేది. ఆమె చూస్తూంటే ముద్ద ఎత్తడం అతని వల్ల కాలేదు. మెడలో నరాలు ముద్దతోపాటు కదిలేవి ఆమెకి. తనకి తెలియకుండానే ఆమె కూడా మింగేది. కంచం పట్టుకుని దొడ్లోకి వెళ్లిపోవడం మొదలెట్టాడు. ఒలిచిన కొబ్బరిడొక్కల గుట్ట వెనకాల నిలబడి, గబగబా నాలుగు ముద్దలు కుక్కుకుని, చెయ్యి కడుక్కుని లోపలికొచ్చి పని ఉందనేవాడు. ఆమె ఏమీ అనలేదు.

రాజమండ్రి తీసుకొస్తే ఆపరేషను సంగతి చెప్పారు. ఆమె వద్దంది. "పోయేదాన్ని కొయ్యడం ఎందుకండి" అంది. "చేయించుకో" అన్నాడు. ఇంకేం చెప్పాలో చాలా ఉంది. నువ్వు గుక్కెడు మంచినీళ్లు తాగి, అవి లోపల నిలిస్తే నాకు చూడాలని ఉంది అని చెప్పాలి. రాత్రి మంచం కాళ్ల దగ్గర కూర్చుని మళ్లీ "చేయించుకో" అన్నాడు. ఆమె గోడకేసి తిరిగి పడుకుంది. ఆ వారమే విజయ్ పాల్ వచ్చాడు. అరుగు మీద కూర్చున్నాడు. ఆమె గోడ పట్టుకుంటూ బయటికి వచ్చి స్తంభానికి ఆనుకుంది. జీవరాజు వాకిట్లో గునపానికి కాయలు కొట్టి డొక్క ఒలుస్తున్నాడు. డొక్క చీలే చప్పుడుకి వాళ్ల మాటలు వినపడలేదు. ఒలవడం ఆపితే వినపడతాయి, కానీ ఆపితే వింటున్నాడని తెలిసిపోతుంది. అందుకని ఇంకా గట్టిగా కొడుతూ, ఒక కన్ను అటు వేసి, పెదాలు చూస్తూ ఒలిచాడు. ఎక్కువసేపు ఆమే మాట్లాడింది. ఆమెకి అన్ని మాటలుంటాయా? మాస్టారు వెళ్లిపోయాక పిలిచింది. "ఏమండీ, ఆపరేషనుకి వెళదాం" అంది. మొగుడు కాళ్ల దగ్గర కూర్చుని రెండుసార్లు చెప్పినా జరగనిది, ఆయన కాఫీ కూడా తాగకుండా అరుగు మీద కూర్చుని లేచేలోగా జరిగిపోయింది. ఏం చెప్పాడు? బైబిలు వాక్యం చెప్పాడా? క్రిస్మసుకి పాట పాడాలి నువ్వు అన్నాడా? నువ్వు లేకపోతే నేనెలా ఉండను అన్నాడా? ఒక్కో కాయకీ ఒక్కో మాట ఊహించుకుంటూ ఆవేళ చీకటి పడేదాకా ఒలిచాడు.

లోపల ఇప్పుడు ఎంతవరకు వచ్చిందో. చోటు దొరికిందేమో. దొరక్కపోతే ఈపాటికి వచ్చేసేవారు కదా. పొట్ట తెరిచి పరాయివాళ్లు చూస్తున్నారు, తను ఎన్నడూ చూడని చోట్లు చూస్తున్నారు. ఉమాశ్రీ గారు ఆడమనిషే అనుకో. ఛీ, ఏమిటిది, దానికి కూడానా? పెళ్లాం చావుబతుకుల్లో ఉంటే మనిషికి వచ్చే ఆలోచనలేనా ఇవి? ప్రభువా అనుకుందామంటే ప్రభువు దగ్గర కూడా హార్మోనియం ముందు ఆయనే కూర్చుని ఉంటాడు. పోనీ అడిగేస్తే? కాయ ముదిరితే దానంతటది రాలుతుంది, ఎవరి నెత్తి మీద పడుతుందో చూసుకోదు.

"మాస్టారూ."

విజయ్ పాల్ ఉలిక్కిపడి చూశాడు. జీవరాజు తనంతట తను పిలవడం ఆయనకి కొత్త.

"ఆవేళ అరుగు మీద ఏం చెప్పి ఒప్పించేరు?"

"ఒప్పించానా? నేనా?" ఆయన ఫైలు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. "నేనేం ఒప్పించలేదండి జీవరాజు గారూ. వాక్యం చెబుదామనే వచ్చానండి, అబద్ధమెందుకు. ఆవిడ ఆపేసింది. వాక్యం ఆదివారం చెబుదురుగాని, ముందు నా మాట వినండి అంది."

జీవరాజు తలుపు వంక చూస్తూ ఉన్నాడు.

"మా ఆయన డొక్కల గుట్ట వెనకాల నిలబడి తింటున్నాడు మాస్టారూ అంది. దొంగలాగ అటూ ఇటూ చూసుకుంటా తింటున్నాడు, నాకు తెలీదనుకుంటున్నాడు, వంటింటి కిటికీలోంచి అంతా కనబడతానే ఉంటది అంది. నేను ఇంక బతకనని తెలుసు, దాని సంగతి వదిలెయ్యండి, ఆ ఆపరేషను చేస్తే రెండు మెతుకులు దిగుతాయంటున్నారు, నిజంగా దిగుతాయా? దిగితే ఆయన నా ఎదురుగా కూర్చుని తింటాడు, నాకంతే కావాలి అంది. డాక్టరుగారు దిగుతాయనే కదమ్మా చెప్పారు అన్నాను. నేనన్నది అంతేనండి."

కిటికీలోంచి చూసింది. చూసేవాడు తనొక్కడే అనుకున్నాడు జీవరాజు ఇన్నాళ్లూ. కంచం గుండెకి ఆనించుకుని, కుక్కొస్తుందేమోనని కాలు విసురుతూ, మెతుకులు గెడ్డం మీద రాలుతూంటే తుడుచుకోకుండా మింగుతూన్న మనిషిని ఆమె వంటింట్లో నిలబడి రోజూ చూసింది. అతని కోసమే ఈ కోత. ఎవరి కోసమో అనుకుంటే అతని కోసమే. సంతోషించాలి. ఒక పక్క ఒళ్లు ఝల్లుమంటూనే ఉంది. కానీ ఆ మాటలు ఎవరి నోట్లోంచి వచ్చాయి? ఆమె యాసతో సహా, ఆమె చెప్పినట్టే చెబుతున్నాడు, చూసుకుంటా అంట, కనబడతానే ఉంటది అంట, పంతులు మాట కాదది, ఆమె మాటే, ఆయన దగ్గర భద్రంగా ఉంది. తన గురించిన మాట, తనకి చెందాల్సిన మాట, పదడుగుల దూరంలో డొక్క ఒలుస్తూన్న తనని దాటుకుని వెళ్లి ఆయన చెవిలో పడింది. నాకే చెప్పొచ్చు కదా. ఏమండీ, ఇక్కడ కూర్చుని తినండి, అని ఒక్కమాట. చెబితే తనేమనేవాడు? ఊ అనేవాడు. ఊ అని మళ్లీ గుట్ట వెనక్కే వెళ్లేవాడు. అది ఆమెకి తెలుసు. తెలిసే ఆయనకి చెప్పింది. అది తెలియడమే ఎక్కువగా మండింది.

కిటికీ మీద ఎండ నేల మీదికి దిగి, జీవరాజు పాదాల దాకా పాకి, దాటిపోయింది. మధ్యలో ఎవరో పెద్దాయన్ని చక్రాల మంచం మీద లోపలికి తీసుకెళ్లారు, ఎవరో ఏడ్చారు, ఎవరో టీ తెచ్చారు. తలుపు తెరుచుకోలేదు. తెరుచుకోని కొద్దీ గుండె కుదుటపడుతూ వచ్చింది, కుదుటపడే కొద్దీ మళ్లీ అసూయకి చోటు దొరుకుతూ వచ్చింది.

చివరికి ఉమాశ్రీ గారే వచ్చింది. టోపీ కింద నుదుటి మీద గీత పడి ఉంది. అలవాటు కొద్దీ ఫైలు ఉన్న మనిషి వైపు చూసింది, వెంటనే సర్దుకుని జీవరాజు వైపు తిరిగింది. "అయ్యిందండి. చోటు దొరికింది, అతికించాం. జబ్బు మాత్రం అనుకున్నదాని కంటే ఎక్కువే ఉంది, అది మీకు చెప్పాలి. కానీ తింటుంది. కుట్టు కుదురుకున్నాక ముందు నీళ్లు, తర్వాత జావ, ఆ తర్వాత మెత్తగా అన్నం. కొంచెం కొంచెంగా."

"ఎన్నాళ్లండి?" అన్నాడు విజయ్ పాల్.

"నెలలండి. ఎన్నని నేను చెప్పలేను."

జీవరాజు అడగాల్సింది ఆయన అడిగేశాడు. దాని వెనకే నర్సు క్రిస్టినా తలుపు సగం తెరిచి, "దేవకుమారి గారి తాలూకు ఎవరండి? ఒక్కరే రావాలి" అంది. ఇద్దరూ కదిలారు. విజయ్ పాల్ లేవబోయి, సగం లేచి, కుర్చీ చేతులు పట్టుకుని మళ్లీ కూర్చున్నాడు. ఫైలు జీవరాజుకి అందించాడు. "మీరు వెళ్లండి" అన్నాడు. ఆ కూర్చోవడం జీవరాజు చూశాడు, చూసి సంతోషించాడు కూడా, ఆ సంతోషంతోనే లోపలికి నడిచాడు.

గదంతా చల్లగా ఉంది. ఆమె మీద దుప్పటి చదునుగా ఉంది, కింద మనిషి ఉన్నట్టే లేదు. క్రిస్టినా ఒక గిన్నెలో నీళ్లూ దూదీ ఇచ్చి, "తాగించకండి బాబాయ్, పెదాలు తడపండి చాలు" అని అటు వెళ్లింది. జీవరాజు దూది ముంచి, పిండి, పెదాల మీద అద్దాడు. పెచ్చులు కట్టిన పెదాలు ఆ తడిని చప్పరించాయి. ఇన్నాళ్లలో ఆమెకి తన చేత్తో ఇచ్చింది ఇదే. రెప్పలు సగం తెరుచుకున్నాయి.

"అయ్యిందాండి?"

"అయ్యింది. దిగుద్దంట."

ఆమె కళ్లు మూసుకుంది. చాలాసేపటికి మళ్లీ పెదాలు కదిలాయి. వంగి విన్నాడు.

"మాస్టారు తిన్నారా?"

దూది చేతిలోనే ఉంది.

"ఆయనకి షుగరండి. వేళ దాటితే కళ్లు తిరుగుతాయి." మాటకీ మాటకీ మధ్య నిద్ర వచ్చి పోతోంది. "మీరు?"

"ఊ."

"ఊ అంటే?"

"తింటాను."

"కూర్చుని తినండి. ఆయన్నీ తీసుకెళ్లండి." ఇంకేదో అనబోయి నిద్రలోకి జారిపోయింది.

ముందు మాస్టారు, తర్వాత తను. వరస అదే. మత్తులో కూడా వరస తప్పలేదు. పెదాలు ఇంకోసారి తడిపి, దూది గిన్నె అంచు మీద పెట్టి, అతను బయటికొచ్చాడు. విజయ్ పాల్ నిలబడి ఉన్నాడు, ఎంతసేపటినుంచి నిలబడ్డాడో. అడగడం లేదు, మొహమే అడుగుతోంది. ఏం చెప్పాలి, నిన్నే అడిగింది, నీ షుగరు సంగతి అడిగింది అని చెప్పాలా? చెప్పకపోతే ఆ మాట తన దగ్గరే ఉంటుంది. దాచేసుకోవచ్చు. ఆయన దాచుకోకుండా తనకి చెప్పాడు కదా, అన్న ఆలోచన వచ్చింది, రాకుండా ఉంటే బాగుండుననిపించింది.

"బావుంది. మిమ్మల్ని అన్నం తినమంది" అన్నాడు. "పదండి."

కింద క్యాంటీన్లో ఎదురెదురుగా కూర్చున్నారు. రెండు భోజనాలు వచ్చాయి, పప్పు, దొండకాయ వేపుడు, చారు, మజ్జిగ. విజయ్ పాల్ పప్పు కలిపాడు. కలిపి, మళ్లీ కలిపి, ముద్ద చేసి అలాగే ఉంచాడు. ఆయన భుజాలు కదలడం మొదలయ్యింది. మొహం పక్కకి తిప్పుకుని మోచేత్తో తుడుచుకున్నాడు, ఇస్త్రీ చొక్కా చెయ్యి తడిసి నలిగింది, అయినా ఆగలేదు. చుట్టూ జనం చూస్తున్నారు. వడ్డించేవాడు చారు గరిటె పట్టుకుని ఆగి, "ఏమైందండి ఆయనకి, ఎవరు పోయారు?" అని జీవరాజుని అడిగాడు. "ఎవరూ పోలేదు" అన్నాడు జీవరాజు. ఈ మనిషిని ఎవరూ ఓదార్చరు. ఏమవుతారండి అంటే మాదీ ఆ ఊరేనండి అనుకోవాలి. తాలూకు ఎవరంటే లేచినవాడు కూర్చోవాలి. రేపు ఆమె పోయినా అంతే, పాట ఎత్తి, పాడించి, హార్మోనియం పెట్టె మూసుకుని ఇంటికెళ్లి తలుపేసుకోవాలి. అది జీవరాజుకి ఇప్పుడే తెలిసినట్టు కాదు, చెట్టు మీదినుంచి చూసిన నాడే తెలుసేమో. జాలి పడదామనుకున్నాడు. జాలికి ముందు ఇంకోటి వచ్చింది. గడ్డ అని చెప్పిన రోజునుంచీ తన కంట్లో ఒక్క చుక్క రాలేదు. రాత్రుళ్లు అరుగు మీద కూర్చుని రప్పించుకోవాలని చూసినా రాలేదు. ఆమె కోసం ఏడవడం కూడా వీడికే వచ్చింది, ఇంత సులువుగా, పదిమంది ముందు, పప్పన్నం మీద.

జీవరాజు తన కంచంలో ముద్ద ఎత్తి నోట్లో పెట్టుకున్నాడు. నెలల తర్వాత కూర్చుని తిన్న మొదటి ముద్ద. మింగాడు. మజ్జిగ గ్లాసు ఎదుటి కంచం పక్కకి జరిపాడు.

"తినండి మాస్టారూ" అన్నాడు. "లేవగానే మళ్లీ అడుగుద్ది."